ఎర్ర చుక్క

ఫారంలో ప్రతి గడి పక్కనా
చిన్న ఎర్ర చుక్క పెట్టింది నేనే.
చుక్క ఉందంటే నింపి తీరాలి,
నింపకపోతే కింద మీట వెలగదు.

స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం కొట్టు మీద గది,
తవుడు వాసనలో నలుగురం, మూడు కుర్చీలు.
రొయ్యల గుంటల కాపలావాళ్ళకు యాప్ రాస్తున్నాం:
నీళ్ళలో గాలి తగ్గితే ఫోను అరవాలి,
మేత ఎంత చల్లారో నోటితో చెబితే రాసుకోవాలి,
నెలాఖరుకు జీతం లెక్క తేలాలి.
అంతే. పెద్ద పనేం కాదనుకున్నాను.

మైపాడు అవతల, గుంటల గట్టు మీద,
యాకసిరి పోలయ్య ముందు గొంతుక్కూర్చుని
మొదటి గడి చదివాను. పేరు. చెప్పాడు.
రెండోది ఊరు. గట్టు చూపించాడు.
మూడోది పుట్టిన తేదీ.

"ఉప్పెన వచ్చిన ఏడు మాయమ్మ కడుపులో ఉండా మ్మా.
నీళ్ళు తీసినాక పుట్టినానంట, తాటిమట్టల కింద.
ఎండ్రకాయలు బాగా పడే కాలమంట.
రాసుకో."

రాసుకోడానికి నా గడిలో
రెండంకెలు, గీత, రెండంకెలు, గీత, నాలుగంకెలు.
ఉప్పెన పట్టదు అందులో.
ఎండ్రకాయ అసలే పట్టదు.
పోలయ్య పక్కన చెంచులమ్మ, ఆమె పక్కన ఆమె తమ్ముడు,
అట్లా నలభై ఒక్కమంది,
ఒక్కొక్కరిదీ ఒక వాన, ఒక చావు, బస్సు బోల్తాపడ్డ ఏడు.
కార్డులు చూపించమంటే
సగం మందికి లేవు,
ఉన్నవాళ్ళవి గుంటల ఆసామి బీరువాలో ఉన్నాయి.

చుక్క తీసేద్దామా అని ఆఫీసుకు ఫోన్ చేశాను.
"డేటాబేసు ఖాళీ ఒప్పుకోదు," అన్నాడు జిలానీ,
"ఏదో ఒకటి వేసెయ్."
వేసేశాను.
జనవరి ఒకటి. అందరికీ.
ఏడాది మాత్రం మొహాలు చూసి, నెరిసిన వెంట్రుకలు చూసి.
టీ చల్లారేలోగా
గట్టు మీద అంతమందిని పుట్టించాను ఆ పూట.

ఒక సంగతి మర్చిపోయాను.
ఆ కోడు సగం పాతది,
ఎప్పుడో ఒక చీటీల కంపెనీకి రాసింది.
అడుగున ఎక్కడో పదహారు లైన్లు
ఖాతాదారులకు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పడానికి
ఇంకా ఊపిరితో ఉన్నాయి.

డిసెంబరు ముప్పై ఒకటి, అర్ధరాత్రి దాటి ఒక్క నిమిషం.
నలభై ఒక్క ఫోన్లు ఒక్కసారే అరిచాయంట.
గాలి తగ్గిందనుకొని అందరూ లేచి
చీకట్లో నీళ్ళకేసి పరిగెత్తారంట.
టార్చి వేసి చూస్తే రొయ్యలు బానే ఉన్నాయి.
చదవడం వచ్చింది ఒక్కతే, చెంచులమ్మ మనవరాలు, ఆరో క్లాసు.
ఒక్కో ఫోనూ చేతికి తీసుకొని చదివిందంట,
పేరు పేరునా,
ఇంటిపేరుతో సహా,
చివర 'గారు' చేర్చి.

ఆ 'గారు' కూడా వాళ్ళకోసం రాసింది కాదు.
చీటీలు కట్టే పెద్దమనుషుల కోసం రాసింది.

తెల్లారేసరికి తప్పుల పట్టికలో ఇదే మొదటిది.
ఆసామి రాశాడు: రాత్రి అనవసరపు మోత,
మనుషులు కాపలా వదిలి ఒకచోట చేరి
పొద్దుపోయేదాకా నవ్వారు,
వెంటనే సరిచేయగలరు.

పదహారు లైన్లనూ నీలంగా మెరిపించి
చెరిపే మీట మీద వేలు పెట్టాను.
పోలయ్య ఫోను.
"ఒకేరోజు ఇంతమందిని కన్నోళ్ళు యాడన్నా ఉండారా మ్మా?"
నవ్వుతున్నాడు. కాసేపు ఏమీ అనలేదు.
"మాయమ్మకు తెలిసుంటే బాగుండు."

మోత తగ్గించాను. లైన్లు ఉంచాను.
తేదీ కింద ఇంకో గడి చేర్చాను, 'గుర్తు' అని.
దానికి చుక్క లేదు.
ఎంత పొడుగైనా పడుతుంది, నోటితో చెప్పొచ్చు.
జిలానీ దాని అవసరమేంటని రెండుసార్లు అడిగాడు.

ఇవాళ తెరిచి చూస్తే
మొదటి వరసలో ఎవరిదో దగ్గు,
వెనకాల ఏరియేటరు తిరుగుతున్న చప్పుడు,
చాలాసేపటికి, "రాసుకో."